జపాన్ ముసలాయనకు నేర్పిన శోకం

“వన్స్ మోర్,” అన్నాడు జపాన్ ముసలాయన.

“ఖలాస్,” అన్నాను, మాప్ కర్ర గోడకు ఆనించి. మా ఇద్దరి ఆఖరి మాటలు అవే.

నేను చెబుతున్నాను, మా అక్క కూతురు రాస్తోంది. మా గోదావరి వైపు పద్యం బాగా పాడినవాడికి వన్స్ మోర్ కొడతారు. ఈయన బోర్లా పడినవాడికి కొడతాడు. ఆయన నాటకాల పంతులు. దుబాయ్‌లో ఆయన హాలు తుడిచి, మెత్తగా అన్నం వండిపెట్టేదాన్ని. నలభై ఏళ్ళుగా కొత్తరకం నాటకాలు ఆడించాడట. ఆ గొప్పంతా ఆయన దగ్గర నేర్చుకునే మలయాళీ పిల్ల హిందీలో చెప్పింది. ఒక నాటకంలో మనుషులు గంటసేపు గోడకేసి చూస్తూ నిలబడ్డారట, అంతే.

“మరి జనం?”

“సగంమంది లేచి వెళ్ళిపోయారు దీదీ. దాంతోనే ఆయనకు పేరొచ్చింది.”

జనం లేచి వెళ్ళిపోతే పేరొచ్చే పని నేనింకెక్కడా చూడలేదు. ఇక్కడ పిల్లల్ని పొద్దంతా నేలమీద పాకించేవాడు, అదీ నేను అప్పుడే తుడిచిన నేల!

మా ఆయన అబుదాబి అవతల రువైస్‌లో పైపులకు రంగువేసేవాడు. కరోనాలో పోయాడు. శవాన్ని చూడనివ్వలేదు. మా ఊళ్ళో అయితే పోయినవాడి మంచీ చెడూ వరసపెట్టి, రాగం తీసి శోకం పెడతాం. దుబాయ్‌లో నేనుండే సత్వాలో ఒకే గదిలో ఎనిమిదిమంది ఆడవాళ్ళం, ఎక్కడ పెట్టను? నా ఏడుపు లోపలే ఉండిపోయింది.

ఆ సంగతి ఆ మలయాళీ పిల్లకు చెప్పడం నా బుద్ధితక్కువ. మర్నాడే ముసలాయన అందర్నీ నా చుట్టూ కూర్చోబెట్టాడు.

“మీ ఆయన కోసం ఎలా ఏడుస్తారో అలా ఏడవమంటున్నారు దీదీ. నాటకంలో పెడతారట.”

కుదరదన్నాను. ముసలాయన నడుం దాకా వంగాడు. వంగితే ఇచ్చేస్తానా? మా ఆయన ఏడుపు మా ఆయనది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అదే రాగంలో ముసలాయన మీదే శోకం ఎత్తుకున్నాను:

“ఓరి నీ నాటకం తగలెయ్యా, నాయనో! తుడిసిన నేల మీద పాకించేవోడో, నాయనో! వండిన కూడు సల్లారబెట్టేవోడో! నీ బోడిగుండు మీద పిడుగు పడా, నాయనో!”

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పిల్లలు ఫోన్లలోకి ఎక్కించుకుని బట్టీపట్టారు. నాటకం రోజున పన్నెండుమంది తెల్లబట్టలు వేసుకుని, గుండెలు బాదుకుంటూ “బోడిగుండు మీద పిడుగు పడా” అంటుంటే జనం ఊపిరి బిగబట్టి విన్నారు. కుర్చీలు సర్దే మన కోనసీమవాడొకడు నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

“ఇయ్యేం డవిలాగులు పిన్నిగారూ! ఎవరు నేర్పారండీ?”

“నలభై ఏళ్ళ సదువయ్యా. నోరు మూసుకుని సూడు.”

నాటకం అయ్యాక ముసలాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు, జపాన్‌కు పట్టుకుపోవడానికి ఇంకో శోకం కావాలట. ఆ వన్స్ మోర్ అప్పటిది.

మా ఆయన కోసం ఏడవాల్సింది ఇంకా ఏడవలేదు. ఏడ్చిన రోజున పక్కన ఎవరూ కాగితం పట్టుకుని కూర్చోకూడదు, నువ్వు కూడా. ఇంక మొదట్నుంచి చదువు అమ్మడూ, గట్టిగా. నీ కాలేజీ తెలుగుతో ఎక్కడన్నా నన్ను ఏడిపించావేమో వింటాను.