మదాయిన్ సాలిహ్ దారిలో సావిత్రమ్మ

సావిత్రమ్మది అత్తిలి. వాళ్ల నాన్నకు రైసుమిల్లు ఉండేది. పెళ్లికి ముందే మిల్లు జీపు వేసుకుని తణుకు బజారుకు వెళ్లొచ్చేది. "ఆడపిల్ల స్టీరింగు పట్టుకోవడమేంటండీ?" అని ఎవరన్నా అంటే, "పట్టుకుంది ఎవరో జీపుకేం తెలుసండీ" అనేవారు ఆయన. పెళ్లయ్యాక భర్త బాపిరాజు వెంట సౌదీ వచ్చింది. రియాద్‌కి దక్షిణాన అల్ ఖర్జ్‌లో ఒక పెద్ద పాల డెయిరీలో ఆయన ఇంజినీరు. అప్పట్లో అక్కడ ఆడవాళ్లు బండి నడపకూడదు. అక్కడున్న పందొమ్మిదేళ్లూ ఆవిడ కారులో స్టీరింగు లేని కుడిపక్క సీటుకే పరిమితమైంది.

బాపిరాజుకి పాత రాళ్లంటే పిచ్చి. సెలవు దొరికితే చాలు, ఎడారిలో ఏదో కూలిన గోడ దగ్గరికి తీసుకుపోయేవాడు. ఉత్తరాన మదాయిన్ సాలిహ్‌లో ఒకప్పుడు రోమన్ సైన్యం కాపలా ఉండేదనీ, వాళ్ల లాటిన్ శాసనం ఒకటి తవ్వకాల్లో బయటపడిందనీ చదివాక ఆయనకు నిద్ర పట్టలేదు. అక్కడికి వెళ్లాలంటే సర్కారు పర్మిట్ ఉండాలి. ఆఫీసు వాళ్ల వెంటపడి, విసిగించి, రెండు వేల ఏడులో చలి తగ్గుతుండగా సంపాదించాడు.

ఇద్దరే బయల్దేరారు. మొదటిరోజు హాయిల్‌కి ఇవతల ఫైద్ దగ్గర ఆగారు. వెయ్యేళ్ల కిందట ఇరాక్ నుంచి మక్కా వెళ్లే యాత్రికులు మజిలీ చేసిన ఊరది. నల్లరాతి కోట గోడలు నడుమెత్తు మాత్రమే మిగిలాయి. వాటి మధ్య తిరిగేటప్పుడు బాపిరాజు రెండుసార్లు ఆగి ఛాతీ రాసుకున్నాడు.

"ఏవైందండీ?"

"ఏం లేదు. పొద్దున్న ఆ చిక్కుడుగింజల ఫూల్ తిన్నాను కదా, గ్యాసు."

మర్నాడు మదాయిన్ సాలిహ్ చేరారు. కొండల్లో తొలిచిన సమాధుల ముందు మనిషి చీమంత కనిపిస్తాడు. బాపిరాజు మాత్రం వాటిని దాటుకుని, కంచె అవతలి మట్టిదిబ్బల వైపు చూస్తూ నిలబడ్డాడు. రోమన్లు కాపలా కాసిన ఊరు ఆ దిబ్బల కిందే ఉందట. "ఎక్కడి రోమ్, ఎక్కడి ఎడారి! వీళ్లకీ మనలాగే ఇంటి మీద బెంగ ఉండేది కాబోలు సావిత్రీ" అన్నాడు. ముఖం చెమటతో తడిసి ఉంది. ఎండ అనుకుంది ఆవిడ.

అక్కడితో వెనక్కి తిరిగి ఉంటే ఏం జరిగేదో. అల్ ఉలా దాటి దక్షిణంగా వెళ్తే ఇంకో పాత ఊరి శిథిలాలున్నాయని ఎవరో చెప్పారు. తారురోడ్డు దిగి మట్టిదారిన చాలా దూరం పోయాక దొరికాయి. కూలిన ఇటుక గోడలు, చెల్లాచెదురుగా కుండపెంకులు. మనిషన్నవాడు లేడు. బాపిరాజు ఒక పెంకు తీసుకోవడానికి వంగి, అలాగే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

సావిత్రమ్మ పరుగెత్తింది. ఆయన పెదాలు నీలంగా మారుతున్నాయి. ఎడమచెయ్యి వేలాడిపోతోంది.

"నిన్నట్నుంచీ నొప్పిగానే ఉంది" అన్నాడు.

"నిన్నట్నుంచా? మరి చెప్పరేంటండీ!"

"చెబితే వెనక్కి తిప్పించేదానివి."

మొబైల్ తీసింది. సిగ్నల్ లేదు. కారు పైకెక్కి, చెయ్యి పైకెత్తి చూసింది. లేదు. "ఎవరన్నా ఉన్నారా!" అని తెలుగులోనే అరిచింది. గాలి తప్ప ఏదీ పలకలేదు. ఎవరో ఒకరు రాకపోతారా అని దారివైపు చూస్తూ ఆయన తల ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది. ఆ కాసేపు ఎందుకు కూర్చున్నానా అని తర్వాత కూడా తనను తాను తిట్టుకునేది. ఎవరూ రారని అర్థమయ్యాక ఆయన చంకల్లో చేతులేసి ఈడ్చుకుంటూ కారు దాకా తెచ్చింది. భారీ మనిషి. రెండుసార్లు ఇసకలో పడిపోయారు. ఎలాగో సీట్లోకి తోసి, ఇవతలికొచ్చి స్టీరింగు ముందు కూర్చుంది.

తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది. గేరు మాత్రం కదల్లేదు. ఆవిడకు తెలిసింది జీపు. ఇది ఆటోమేటిక్. క్లచ్ కోసం ఎడమకాలితో వెతికితే అక్కడేమీ లేదు. రెండు చేతులతో గేరు రాడ్డు పట్టుకు గుంజింది. ఊడొచ్చేలా ఉందిగాని జరగదు. "దేవుడా, ఇదేం బండి, కదలదేంటి!" అని తల స్టీరింగుకేసి కొట్టుకుంది.

బాపిరాజు కళ్లు తెరవకుండానే అన్నాడు: "బ్రేకు... తొక్కి... లాగు."

కారు ఒక్క ఉదుటున ముందుకు దూకింది. మట్టిదారిలో చక్రాలు ఇసకలోకి జారిపోతుంటే ఆపకుండా తొక్కింది. ఆపితే కూరుకుపోతామని మాత్రం తెలుసు. తారురోడ్డు ఎక్కాక మన ఊళ్లో అలవాటు కొద్దీ ఎడమపక్కకి పోయింది. ఎదురుగా వచ్చిన పికప్ హారన్ మోగిస్తూ పక్కకి తప్పుకుంది. తను ఉన్నది ఏ దేశమో అప్పుడు గుర్తొచ్చి కుడివైపుకి లాగింది. "ఏవండీ, మాట్లాడండి. ఏదో ఒకటి మాట్లాడండి" అంటూనే ఉంది. మొదట్లో ఊఁ అన్నాడు. తర్వాత అదీ లేదు. ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడాలనిపించింది, కానీ స్టీరింగు వదలడానికి ధైర్యం చాలలేదు. చూసి, ఊపిరి లేదని తెలిస్తే ఆ తర్వాత బండి నడపగలదా? చూడకుండానే పోనిచ్చింది.

చెక్‌పోస్టు దగ్గర పోలీసు కుర్రాడు చెయ్యెత్తాడు. ఆడమనిషి స్టీరింగు ముందు కూర్చుని ఉండటం చూసి నోరు తెరిచాడు. గట్టిగా ఏదో అన్నాడు. సావిత్రమ్మ అద్దం దించి, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ ఏడుపు గొంతుతో చెప్పింది: "జౌజీ! కల్బ్! ముస్తష్ఫా!" మా ఆయన, గుండె, ఆసుపత్రి. గుండె మీద కొట్టుకుని చూపించింది.

ఆ కుర్రాడు పక్కసీట్లోకి వంగి చూశాడు. మెడ మీద వేలు పెట్టాడు. క్షణమైనా ఆలోచించలేదు. ఆవిడను వెనక సీట్లోకి వెళ్లమని సైగ చేసి, తను స్టీరింగు పట్టుకున్నాడు. తోటివాడు జీపులో సైరన్ వేసుకుంటూ ముందు దారి తీశాడు.

అల్ ఉలాలో ఆసుపత్రి తలుపులు మూసుకున్నాక సావిత్రమ్మ వరండాలో నేల మీదే కూలబడింది. ఒంటి మీది నల్ల అబాయా నిండా ఇసక. హైదరాబాదు నర్సు మెహక్ వచ్చి పక్కన కూర్చుంది.

"బతికే ఉన్నారమ్మా. జర నిమ్మళంగ ఉండండి. కానీ డాక్టరు ఏం మాట ఇయ్యట్లేదు."

సాయంత్రం పెద్ద అధికారి వచ్చాడు. కోప్పడలేదు. నియమం ప్రకారం ఇక నడపనని ఆవిడ రాసివ్వాలి, ఆవిడకు బాధ్యుడైన మగవాడు సంతకం పెట్టాలి. "మీ మహ్రమ్ ఎవరు?" అని అడిగితే మెహక్ తెలుగులో చెప్పింది. సావిత్రమ్మ ఐసీయూ తలుపు వైపు చెయ్యి చూపించింది. అధికారి తెచ్చిన కాయితం మడిచి జేబులో పెట్టుకుని, "అల్లా షిఫా ఇవ్వాలి, నయం చెయ్యాలి" అని వెళ్లిపోయాడు.

ఆ రాత్రీ, మర్నాడూ ఆవిడ ఏమీ తినలేదు. ఎవరు తలుపు తీసినా లేచి నిలబడేది. కబురు చెప్పడానికి కాదు, ట్రేలు తేవడానికి వస్తున్నారని తెలిశాక కూడా లేచేది. చెక్‌పోస్టు కుర్రాడు ఒకసారి మామూలు బట్టల్లో వచ్చాడు. ఖర్జూరాల పొట్లం బెంచీ మీద పెట్టి, లోపలికి చూపించి కళ్లతోనే అడిగాడు. ఆవిడ తెలీదన్నట్టు తల ఊపింది. అతను పొట్లం ఆవిడ వైపు జరిపి వెళ్లాడు.

మూడోరోజు బాపిరాజుకి తెలివొచ్చింది. గుండెలో సగం పనికిరాకుండా పోయిందనీ, ఇక మెట్లెక్కే ఉద్యోగం చేయలేడనీ డాక్టరు చెప్పాడు. రెండు నెలల తర్వాత పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇద్దరూ ఆ దేశం వదిలారు. అత్తిలిలో ఆయన ఇంకో నాలుగేళ్లు, నెమ్మదిగా అడుగులేస్తూ బతికాడు.

అదంతా తర్వాతి మాట. అల్ ఉలాలో, ఐసీయూలోకి మొదటిసారి రానిచ్చిన రోజు ఆవిడ మంచం పక్కన నిలబడి, అప్పటిదాకా లోపల తొక్కిపెట్టిందంతా కక్కేసింది.

"నన్నడిగితే వద్దనేదాన్ననే కదా చెప్పలేదు?"

ఆయన తల ఊపాడు.

"అవునండీ. వద్దనేదాన్నే. తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, కారెక్కించి వెనక్కి తీసుకొచ్చేదాన్ని. నాకు చెప్పకుండా ఒక్కరే చచ్చిపోదామనుకున్నారా?"

బాపిరాజు కళ్ల వెంట నీళ్లు కారాయి. గొట్టాల వల్ల మాట రాలేదు. సావిత్రమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. అప్పుడు మొదలైన ఏడుపు, మెహక్ వచ్చి బయటికి తీసుకెళ్లేదాకా ఆగలేదు.