లేని బిందె

తొంభైల మొదట్లో, కాలేజీ రోజుల్లో, కురుగోడులో కదిలిపోతున్న బళ్లారి బస్సును పరుగెత్తి అందుకున్నాను. వెనక సీట్లో పెళ్లి వీడియోలు తీసే పెద్దాయన. వెనకద్దంలోంచి నా పరుగంతా కెమెరాలో పట్టేశాడట!

"భలే ఉరికినావు తల్లీ! పోటీలకు పోతావా ఏంది?"

"పోతానప్పా. మూడేండ్ల నుంచి జిల్లాలో రెండో స్థానమే."

ఆయన టేపు వెనక్కి తిప్పి, కెమెరా నా చేతికిచ్చి, "ఈడ కన్ను పెట్టి సొల్ప చూడు" అన్నాడు.

నా పరుగును నేను చూసుకోవడం అదే మొదలు. ఆ చిన్న నలుపు తెలుపు బొమ్మలో కాళ్లు ఎగురుతున్నాయి, కుడిచెయ్యి ఊగుతోంది. బొమ్మను నిదానంగా నడిపించాడు. ఎడమచెయ్యి వంగి, నడుముకు అతుక్కునే ఉంది.

"బిందె ఎత్తుకున్నట్ల ఉండాది చూడు. పందెంలో ఎవరికమ్మా నీళ్లు తీసకపోతాండావు?"

పగలబడి నవ్వాను. ఏడేళ్లప్పటి నుంచి బోరింగు నీళ్లు ఆ చంకనే మోశాను మరి!

బళ్లారిలో దిగగానే, రెండు చేతులూ ఊపుతూ బస్టాండంతా చుట్టి వచ్చాను. జనం నోరు తెరుచుకుని చూశారు.

ఇప్పటికీ పరుగు మొదలుపెట్టే ముందు, వంగి ఆ బిందెను నేలమీద పెడతాను.