మా నాన్నను సైన్యంలో చేర్చబోయాను

చిన్నతనంలో చేసిన ఘనకార్యం ఒకటి చెప్పమంటే మీరు ఏ స్కూటరు గుద్దిన కథో చెబుతారు. నేను మా నాన్నను సైన్యంలో చేర్చబోయాను. నలభై ఏడేళ్ల మనిషిని, మోకాళ్ల నొప్పులవాడిని, ఆయనకో మాటైనా చెప్పకుండా! అంతటి ఉపద్రవం ఎలా ముంచుకొచ్చిందో వినండి.

అప్పుడు నాకు పదిహేడున్నర. మేముండే కాప్రాలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే. మా వీధిలో జావా నేర్చుకోని ప్రాణి పాలవాడి గేదె ఒక్కటే. మా నాన్న పేరు సింహాచలం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో రైల్వే గుమస్తాగా స్థిరపడ్డాడు. అందరిలాగే నన్నూ ఓ కోర్సులో చేర్పించాడు. నాకేమో కంప్యూటర్ ముందు కూర్చుంటే నిద్ర, కంటోన్మెంటులో జవాన్ల కవాతు చూస్తే ఒళ్లంతా పులకరింత.

ఫౌజులోకి, అంటే సైన్యంలోకి, మనుషుల్ని తీసుకుంటున్నారని నా దోస్తు యాదగిరి కబురు తెచ్చాడు. పద్దెనిమిది నిండనివాళ్లు తండ్రి సంతకంతో అనుమతి పత్రం తేవాలట.

"మా నాన్న ఒప్పుకోడురా."

"ఏందిరా భయ్, గింత దానికే పరేషాన్ అయితవ్? మీ నాయన సంతకం నువ్వే పెట్టెయ్!"

ఆ సంతకం నాకు రాదు. పాత ప్రోగ్రెస్ కార్డు ఎదురుగా పెట్టుకుని వారం రోజులు సాధన చేశాను. నోటుబుక్కు నిండా "సింహాచలం, సింహాచలం" అని రాస్తుంటే మా అమ్మ తొంగి చూసి, "దేవుడి పేరు రాస్తన్నాడు, గుంటడికి బుద్ధొచ్చింది" అని మురిసిపోయి గారెలు వండింది. తిన్నాను. పాపం ఎక్కడికి పోతుంది?

సంతకం మీద పెట్టిన శ్రద్ధ ఇంగ్లిషులో ఉన్న ఆ పత్రం మీద పెట్టలేదు. మొదట్లో "నేను" అని ఉండి ఖాళీ ఉంది. నేనంటే నేనే కదా, ఇంకెవరు? నా పేరు రాశాను. తర్వాత ఖాళీలో నాన్న పేరు రాశాను. దాని పక్కన వయసు అడిగితే ఆయనదే రాశాను. కింద సంతకం మాత్రం అచ్చు గుద్దినట్టు కుదిరింది.

భర్తీ రోజు కంటోన్మెంటు మైదానంలో బల్ల వెనక ఒక హవల్దారు కూర్చున్నాడు, చీపురుకట్టంత మీసాలతో. పత్రం చదివి, నన్ను ఎగాదిగా చూశాడు.

"మీ నాయన ఏడి?"

"ఆఫీసులో ఉన్నారు సార్."

"ఆఫీసుల ఏం చేస్తుండు? ఈడ ఉరకాలె గద!"

"ఎందుకు సార్?"

"నువ్వే రాసినవ్. 'నేను, ప్రసాద్‌ను, నలభై ఏడేండ్ల సింహాచలాన్ని ఫౌజుకు పంపనీకి ఒప్పుకుంటున్న. ఆయన బాధ్యత మొత్తం నాదే.' శభాష్! కొడుకును ఇచ్చే తండ్రులను ఎంతమందినో చూసిన గని, తండ్రిని ఇచ్చే కొడుకును ఇప్పుడే చూస్తున్న."

వరసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. ఆయన నా దగ్గర నంబరు గుంజుకుని నాన్న ఆఫీసుకు ఫోన్ చేయించాడు.

ఆ ఫోన్‌లో ఏం చెప్పారో గానీ, అరగంటలో మా నాన్న చొక్కా చెమటతో తడిసిపోయి, ఆయాసపడుతూ వచ్చాడు. వచ్చీరాగానే నా తల, చేతులు, భుజాలు తడిమి చూశాడు. ఏ బండో గుద్దేసిందనుకున్నాడట. నేను నిక్షేపంగా ఉన్నానని తేలాకే పత్రం అందుకున్నాడు. చదువుతుంటే ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. చూస్తే కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

"ఏటిరా, నన్ను పంపించేద్దామనే?"

"పొరపాటున రాశాను నాన్నా."

"నన్నెందుకు అడగలేదు?"

"వద్దంటావని."

"వద్దనే అంటాను. నువ్వు మళ్లీ అడగాల. మళ్లీ వద్దంటాను. మూడోసారి అడిగితే, గుంటడికిది సరదా కాదు, నిజంగానే కావాలని నాకు తెలుస్తాది. అందుకేరా ఈ సంతకం తండ్రినడిగేది."

ఆయన హవల్దారు వైపు తిరిగాడు.

"బాబూ, అక్కడ రొట్టెలేనా, వరన్నం పెడతారా? జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఏదైనా అయితే మాకెవరు చెప్తారు?"

హవల్దారు మీసాల్లో నవ్వు ఆగిపోయింది. "మా నాయన సుత గిదే అడిగిండు పెద్దాయనా," అన్నాడు. నేను తెచ్చిన కాగితాన్ని చింపేసి, కొత్తది ఇచ్చాడు.

నాన్న బెంచీ మీద కూర్చుని ప్రతి లైనూ వేలుపెట్టి చదివాడు. అంతా అయ్యాక నా మొహంలోకి చూసి, "కావాలా?" అన్నాడు. తలూపాను. పెన్ను కాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత సంతకం పెట్టాడు. వారం రోజులు సాధన చేసిన నాకు, ఆ అక్షరాల్లో ఒక్కటీ నా చేతికి రాలేదని అప్పుడర్థమైంది.

ఇంతా చేస్తే, పరుగులో నా సైనిక జీవితం మూడో రౌండు దాటలేదు. మైదానం చుట్టూ కట్టిన తాడు బయట, చెప్పులు చేతపట్టుకుని, నాన్న నా వెంటే పరుగెడుతూ "ముక్కుతో పీల్చరా!" అని అరుస్తూనే ఉన్నాడు. నేను గడ్డిలో బోర్లా పడ్డాను. ఆయన తాడు దూకి వచ్చి, నీళ్లు తాగించి, "పోన్లేరా" అన్నాడు. ఆ మాటలో ఎంత ఊరటో! నాకు కనపడకూడదని మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ, చెవులు కూడా నవ్వుతున్నాయి.

ఇంటికెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "తండ్రీకొడుకులు ఈ వేళప్పుడు ఎక్కడినుంచి?"

"నీ కొడుకు మిలటరీలో చేరాడే," అన్నాడు నాన్న.

"ఓలమ్మో! ఎప్పుడు?"

"పొద్దున్న చేరాడు. మధ్యాహ్నానికి రిటైరైపోయాడు. అన్నం పెట్టు."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. మా నాన్నను అడగకుండా ఆయన్ని ఏ కొలువులోనూ చేర్చను. అడిగైనా చేర్చను. ఆయన లేకపోతే నాకు ఇంట్లో తోచదు.