గాజు తొట్టిలో తొమ్మిది చేపలు

మొన్న మా మనవరాలు హాల్లో చేపల తొట్టి పెట్టించింది. పిల్లల కేకలు విని నేనూ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నానో లేదో, మూత తెరిచిన తొట్టి నీటిలోంచి పాచి, తడి గులకరాళ్లు, నానిన మేత కలగలిసిన సన్నని వాసన ముక్కుకు తగిలింది. అంతే, ఎనభై ఏళ్లు దాటిన ఈ ఒంట్లో అరికాళ్లు చల్లబడ్డాయి. పిల్లలకు చేపలంటే సంబరం. నాకు మాత్రం ఆ వాసన వస్తే ఇప్పటికీ ఎవరికో ఏదో అవుతుందన్న బెదురే.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. చిత్తూరు సంతపేటలో మా ఇల్లు. నాయన హైస్కూల్లో సైన్సు అయ్యవారు. ఎండాకాలమంటే మాకు నట్టింట్లో గడ్డి పరిచి మాగబెట్టిన మామిడికాయల వాసన, పొద్దున్నే అవ్వ ముంతల్లో పోసి ఇచ్చే రాగి అంబలి, అందులోకి కొరుక్కునే చిన్న ఉల్లిపాయలు, గంగజాతరకు వేషాలు కట్టేవాళ్ల వెంట వీధి చివరిదాకా పరుగులు, ఎండిన నీవా ఏటి ఇసుకలో చెలమలు తవ్వి ఎవరి చెలమలో ముందు నీళ్లూరతాయా అని మోకాళ్ల మీద కూర్చుని చూడటం. ఆ ఏడు మాత్రం అవన్నీ ఉన్నా వాటి రుచి మారిపోయింది. విశాఖపట్నం మీద జపాను వాళ్లు బాంబులు వేశారనీ, తర్వాత మద్రాసేననీ చెప్పుకునేవాళ్లు. కాట్పాడి నుంచి వచ్చే ప్రతి రైల్లోనూ ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలు, ఏడ్చే పిల్లలతో మద్రాసు జనం దిగేవాళ్లు. మా ఆటలు కూడా మారాయి. ఒకరు "ఇమానం!" అని అరిస్తే మిగతావాళ్లం మంచాల కింద దూరి చెవులు మూసుకోవాలి, ఆఖరున దూరినవాళ్లు చచ్చినట్టు లెక్క.

ఒకరోజు పక్కింటామె మా అమ్మతో గోడ దగ్గర నిలబడి, "మద్రాసు మృగాల తోటలో పులుల్ని, సింహాల్ని తుపాకులతో కాల్చేసినారంట మే. బాంబు పడి బోన్లు పగిలితే ఊరి మీదికి వస్తాయని" అంది. పుట్టి పెరిగిన బోనులోనే నిలబడి ఉన్న పులిని, తుపాకీ పట్టుకుని దాని ఎదుట నిలబడిన మనిషిని తలుచుకుని ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

ఆ వారంలోనే మా సరోజత్త వచ్చింది. అవ్వ కూతురు, నాయన చెల్లెలు, మద్రాసు హార్బరులో గుమాస్తాగా ఉన్న మామ భార్య. ఆరో నెల కడుపుతో, గుడ్డ వాసెన కట్టిన మట్టికుండను ఒళ్లో పెట్టుకుని జట్కా దిగింది. కుండలో పదకొండు ఎర్రచేపలు. మామ సొమ్ము దాచి కొనుక్కున్న పెద్ద అద్దాల పెట్టెలో ఉండేవట. ఆ పెట్టె రైల్లో రాదు కాబట్టి చేపల్నే పంపించాడు. "నేనొచ్చేసరికి అన్నీ ఉండాల సరోజా, ఒక్కటి తగ్గకూడదు" అని రైలు కదిలేటప్పుడు చెప్పాడట. ఆ మాట అత్త వచ్చిన రోజు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

నాయన బళ్లో సైన్సు గదిలోంచి ఒక గాజు తొట్టి తెచ్చాడు. రెండు బిందెల నీళ్లు కూడా పట్టదు. మూడో రోజుకు రెండు చేపలు పొట్ట పైకి తిప్పి తేలాయి. నాయన తొట్టి పక్కన చతికిలబడి చాలాసేపు చూసి, "ఇంత నీళ్లకు తొమ్మిది ఎక్కువమ్మా. వాటికీ గాలి సాలాల గదా. అయిదు పెట్టుకుని మిగిలినవి బాయిలో వదిలేద్దాం. లేకుంటే అన్నీ పోతాయి" అన్నాడు.

"బాయిలో తాబేలుండాది గదన్నా! వదిలితే దాని నోట్లో పెట్టినట్టే" అంది అత్త. "ఏ నాలుగు పోవాలో నేను చెప్పలేను."

ఇంకో బాన నింపుదామంటే నీళ్లు లేవు. చేంతాడు చివరిదాకా వదిలితే తెల్లవారి నాలుగు బిందెలు దొరికేవి, అవీ సగం బురద. "మనుషులకే లేవు, వీటికి దినానికి బిందె మార్చాలంటే యాడ తెచ్చేది?" అని అవ్వ గొణిగేది. అయినా మానకుండా తన వంతు నీళ్లలోంచి ఒక చెంబు తీసి తొట్టిలో పోసేది.

అంతలో మామ ఉత్తరాలు ఆగిపోయాయి. వారం దాటింది, రెండు వారాలు దాటాయి. అత్త పొద్దున లేస్తూనే తొట్టి దగ్గరికి వెళ్లి వేలితో లెక్కపెట్టుకునేది. ఒకసారి అమ్మతో, "ఇంకొకటి పోయిందంటే ఆయన లేనట్టే వదినా, నాకట్లే అనిపిస్తా ఉండాది" అనడం తలుపు చాటునుంచి విన్నాను. ఆ రోజు నుంచి నేను కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం అమ్మ పక్కింట్లో మాగాయకు కాయలు తరగడానికి వెళ్లింది. అత్త చాప మీద నిద్రపోతోంది. అవ్వ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. నేను తొట్టి దగ్గరికి వెళ్లేసరికి తొమ్మిది నోళ్లూ నీటి పైకి వచ్చి తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఒకటి పక్కకు ఒరిగిపోతోంది. అన్నీ చచ్చిపోతాయి, తొమ్మిదీ పోతే మామ ఏమవుతాడు? లేపితే అత్త ఒప్పుకోదు. నాయన అయిదన్నాడు. చెంబు ముంచాను. ఒరిగినదాన్ని ముందు తీశాను. తర్వాత దేన్ని తీయాలో తెలియలేదు. పులుల్ని కాల్చిన మనిషి ఏ బోను దగ్గర మొదలుపెట్టి ఉంటాడో అనుకున్నాను. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టాను. చేతికి ఏది తగిలితే అది.

రెండేసి చొప్పున రెండుసార్లు పెరట్లోకి మోశాను. బొక్కెనలో పోసి, చేంతాడు జారకుండా పళ్లు బిగబట్టి కిందికి దించి, ఒరగదీశాను. చీకట్లో ఎర్రగా ఏదో మెరిసి, లేకుండా పోయింది.

అత్త లేచింది. "ఒకటి, రెండు… అయిదు. నాలుగు యాడ? నాలుగు యాడ పాపా?" ఆమె గొంతు ఇంకా నా మీదికి తిరగకముందే వీధిలోంచి కేక వినబడింది. "తంతి!"

ఆ రోజుల్లో తంతి, అదే టెలిగ్రాం, వచ్చిందంటే చావుకబురే. అత్త ఉన్నచోటే గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. కాగితం మీద ఉన్నది ఇంగ్లీషు. ఇంట్లో ఆడవాళ్లెవరికీ రాదు. సెలవులైనా బళ్లో బాంబులు పడితే దాక్కోను కందకాలు తవ్విస్తున్నారని నాయన అక్కడే ఉన్నాడు. "పరిగెత్తు" అని అవ్వ ఆ కాగితం నా చేతిలో పెట్టింది. చెప్పులు లేని కాళ్లు దుమ్ములో కాలుతున్నా తెలియలేదు. మామను నేనే చంపేశాను, నాలుగు చేపల్ని తీసి నేనే చంపేశాను అనుకుంటూ పరిగెత్తాను.

మట్టి చేతులు పంచెకు తుడుచుకుని నాయన రెండుసార్లు చదివాడు. "బేస్తవారం మీ మామ వస్తా ఉండాడు. సెలవు దొరికిందంట" అన్నాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఆయనకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాక అత్త నన్ను పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, కళ్లు తుడుచుకుని మళ్లీ తొట్టి వైపు చూసింది. "ఆ నాలుగూ ఏమైనాయి?" నేను నోరు తెరిచాను. వసారాలోంచి పెరటి దాకా నా తడి పాదాల మట్టి గుర్తులు ఎండి అలాగే ఉన్నాయి.

"నేనే బాయిలో వేసినా" అంది అవ్వ, చింతపండు మీదినుంచి తల ఎత్తకుండానే. "నీళ్లు యాడుండాయి?"

"నా మొగుడి పానమంటే నీకంత చులకనా మా?" అంది అత్త. అవ్వ ఇంకో గింజ తీసి పక్కన పడేసింది.

బేస్తవారం మామ దిగాడు. గడ్డం పెరిగి, రైలు మసితో నల్లగా ఉన్నాడు. తొట్టిలోకి తొంగి చూసి పకపకా నవ్వాడు. "అయిదుండాయా! ఒక్కటీ మిగలదనుకున్నా బావా. ఆ కుండ ఒళ్లో పెట్టి, అన్నీ ఉండాలని గట్టిగా చెప్పకుంటే మీ చెల్లెలు నన్ను వదిలి రైలెక్కేదా!" అత్త ఆయన్ను చూసి, మమ్మల్ని చూసి, లోపలికి వెళ్లిపోయింది.

అయినా అవ్వతో మాట్లాడలేదు. మామ తిరిగి వెళ్లాక కూడా నెలల తరబడి అవ్వ పెట్టిన కంచం అమ్మ చేతికి మారితేగానీ ముట్టలేదు. వానలు పడ్డాక కాన్పు నొప్పుల్లో మాత్రం "మా" అని పిలిచింది. అవ్వ వెళ్లి తల ఒళ్లో పెట్టుకుంది. నిజం చెప్పాలని నేను అవ్వ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. ప్రతిసారీ ఆమె "పోయి ఆడుకోపో" అనేది. రెండేళ్లకు అవ్వ పోయింది.

ఇప్పుడు సంతపేటలో ఆ ఇల్లు లేదు. పెరడు ఉన్నచోట మేడ లేచింది, బావి ఎక్కడుండేదో చూపించగలిగేవాళ్లు లేరు. తంతి ఆఫీసులూ మూతబడ్డాయి. సరోజత్త పోయి పదేళ్లయింది. చివరిదాకా ఏ పెళ్లిలో కలిసినా, "మా అమ్మ నా చేపల్ని బాయిలో పారేసింది" అని మనవళ్లకు చెప్పి నవ్వేది. పక్కన కూర్చుని నేనూ నవ్వేదాన్ని. అవ్వ నెత్తికెత్తుకున్న నింద ఇప్పటికీ ఆమె మీదే ఉంది. అది నాదని చెబుదామంటే, వినవలసినవాళ్లెవరూ మిగల్లేదు.