షుపింగ్ వేసిన ఒకే ఒక్క దొంగ తొడుగు

షాజింగ్ మార్కెట్ రెండో అంతస్తులో జువాంగ్ షుపింగ్ అంటే అందరికీ హడలే. మనిషి చూస్తే పిడికెడు. నోరు తెరిస్తే మాత్రం ఎదుటివాడి సరుకుతో పాటు వాడి వంశం కూడా బయటపడుతుంది. ఆమె కొట్టు పక్కనే నా కొట్టు. ఆమె లిథియం సెల్స్ అమ్ముతుంది, నేను ఆ సెల్స్‌కి వేసే ప్లాస్టిక్ తొడుగులు అమ్ముతాను. చొక్కా కుట్టేవాణ్ణి నేను. అది తొడుక్కునేవాడు దొరా దొంగా అని అడిగితే ఈ వ్యాపారం సాగదు.

ఈ అంతస్తులో సగం కొట్లు బతికేది వేప్ గొట్టాల మీదే. గొట్టంలో సెల్, పైన ద్రవాన్ని మరిగించే కాయిల్, కింద బటన్. బటన్ నొక్కి పీలిస్తే మబ్బంత ఆవిరి. ఎవరి ఆవిరి ఎక్కువ దూరం పోతుందో చూసే మబ్బుల పందేలకు వాడే గొట్టాల్లో కాపలా కాసే సర్క్యూట్ ఉండదు. కాయిల్ ఎంత లాగితే సెల్ అంతా ఇచ్చుకోవాల్సిందే. ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ లాగితే అది వేడెక్కుతుంది, ఇంకా లాగితే పగులుతుంది. పగిలేటప్పుడు ఎక్కడుంటుందో వేరే చెప్పాలా? మూతి దగ్గర!

షుపింగ్ పదిహేడో ఏట శాంటౌ నుంచి వచ్చి సెల్స్ ఫ్యాక్టరీలో చేరింది. బాగున్నవీ బాగాలేనివీ ఏరే పని. పెళ్లయ్యాక సొంత కొట్టు పెట్టి, కొట్టులో ఒక పరీక్ష యంత్రం పెట్టింది. వచ్చిన ప్రతి రకం నుంచీ ఒక సెల్ తీసి, దాని నడుముకు వేడి చూసే తీగ అతికించి, ఆగకుండా కరెంటు లాగిస్తుంది. ఎన్ని ఆంపియర్ల దాకా ఒళ్లు కాలకుండా నిలబడుతుందో చూసి, ఆ అంకెను నల్ల పెన్నుతో తొడుగు మీద రాస్తుంది. తొడుగు మీద ముప్పై అయిదు అని అచ్చుంటే దాన్ని కొట్టేసి పదిహేను అని రాసిన రోజులున్నాయి. అమ్మినవాళ్లు వచ్చి గొడవపడితే యంత్రం వాళ్ల వైపు తిప్పి, ముందు టీ పోసేది. మూడు చిట్టి కప్పులు తాగేలోపు వాళ్ల సెల్ సంగతి వాళ్లకే తెలిసిపోయేది.

కొనేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? ఒకసారి పై పెదవికి కుట్లు పడినవాడు వచ్చి, "అక్కా, పోయినసారిది సరిపోలేదు, ఇంకా పెద్ద అంకెది ఉందా?" అన్నాడు.

"ఉంది. ఆసుపత్రి గది నంబరు. ఇవ్వనా?" అంది షుపింగ్.

ఇంకొకడు మూడువేల అయిదువందల ఎంఏహెచ్ సెల్ పట్టుకొచ్చి, ఇదే అన్నిటికన్నా బలమైనదని వాదించాడు. ఆమె టీ కుండ ఎత్తి చూపించింది. "కుండలో ఎంత పడుతుందన్నది ఒక సంగతి. మూతి ఎంత వెడల్పన్నది ఇంకో సంగతి. ఇది కడుపు పెద్దది, మూతి సన్నది. ఎనిమిది, మహా అయితే పది ఆంపియర్లు. నీ కాయిల్‌కి ఇరవై కావాలి. పోయి కాయిల్ మార్చుకో."

ఇంత మందికి చెప్పగలిగిన మనిషి ఒక్కడికి మాత్రం చెప్పలేకపోయింది. వాడు ఆమె మొగుడే, జి హాన్‌షెంగ్. మంచివాడు, కష్టజీవి. కాకపోతే మబ్బుల పిచ్చి. వరసగా రెండేళ్లు పందెంలో రెండో స్థానం. రెండుసార్లూ తాన్ కైరుయ్ అనే కుర్రాడి చేతిలోనే ఓటమి. ఆ కైరుయ్ ఈ అంతస్తులో ఎదురుపడితే చాలు, "బాబాయ్, మూడోసారి కూడా రెండోదేనా?" అనేవాడు. హాన్‌షెంగ్‌కి ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడు పందెం పెట్టించింది ఫాన్ అనే కొత్త ఆసామి. 'బంగారు పులి' అని సెల్స్ అమ్మేవాడు. ధగధగలాడే తొడుగు, దాని మీద నలభై ఆంపియర్లని ఇంత లావు అక్షరాలు. పోటీకి దిగేవాళ్లంతా అవే వాడాలని నియమం. పది రోజుల ముందే తలా ఒకటి పంచాడు. హాన్‌షెంగ్ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని పసిబిడ్డలా మోసుకు తిరిగాడు. పెళ్లాం చేతికి మాత్రం ఇచ్చేవాడు కాదు.

కొట్టులో రోజూ ఇదే గొడవ.

"ఒక్కసారి యంత్రం మీద పెట్టనివ్వు. అది పదిహేను కన్నా మోయదు. నీ జేబు వేలాడకపోవడం చూస్తేనే తెలుస్తోంది, బరువు లేదు దాంట్లో."

"మొదలుపెట్టావా! పదిహేనయినా మనం పీల్చేది మూడు సెకన్లే కదే. ఆ కాసేపూ నలభై ఇస్తుందట. ఫాన్ చెప్పాడు."

"బటన్ ఇరుక్కుంటే? నువ్వు పీల్చడం మానేశావని సెల్‌కి ఎవరు చెప్తారు, ఫానా?"

"నీకు నేను గెలవడం ఇష్టం లేదు, అంతే."

అలా అన్నప్పుడు షుపింగ్ మొహం చూడలేకపోయాను. నాకే వాడి వీపు మీద ఒకటి ఇవ్వాలనిపించింది.

ఆదివారం వచ్చింది. అంతస్తు అంతా జాతర! మధ్యలో వేదిక, గోడ పొడుగునా కొలబద్ద, డప్పులు, వేయించిన ఆల్చిప్పల అట్ల వాసన. పొద్దున్నే హాన్‌షెంగ్ కొట్టుకు వచ్చి, మొదటిసారి ఆ బంగారు సెల్ భార్య చేతిలో పెట్టాడు. పందెం నాటికి పూర్తిగా ఛార్జింగ్ ఎక్కించాలంటే వాడికి నమ్మకమైన ఛార్జర్ ఆమెదే మరి. ఇచ్చి, నూడుల్స్ తినడానికి పోయాడు.

వాడు మెట్లు దిగాడో లేదో, షుపింగ్ నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"బాబాయ్, బంగారు పులి తొడుగు ఒకటి ఇవ్వు."

నేను నోరు వెళ్లబెట్టాను. ఫాన్ తొడుగులు కొనేది నా దగ్గరేనని ఆమెకు తెలుసు. కానీ పక్కపక్కన ఇన్నేళ్లున్నా ఆమె నా దగ్గర అచ్చు తొడుగు ఒక్కటి తీసుకున్న పాపాన పోలేదు.

"నువ్వా? తొడుగు మార్చేవాళ్ల చేతులు విరగాలని రోజూ తిట్టేది నువ్వే కదమ్మా!"

"ఇవాళ నా చెయ్యే విరగనీ. ఇవ్వు."

తన డబ్బాలోంచి ఆకుపచ్చ సెల్ ఒకటి తీసింది. పదిహేనువందల ఎంఏహెచ్. కడుపు చిన్నదని ఎవరూ కొనరు. కానీ ముప్పై ఆంపియర్లు ఆగకుండా మోస్తుందని తనే రాసిన సెల్. హాన్‌షెంగ్ కాయిల్ లాగేది ఇరవై ఎనిమిది. ఆ పచ్చ తొడుగు మీదే బంగారు తొడుగు ఎక్కించి వేడిగాలి పట్టింది. అది ముడుచుకుని చర్మంలా అతుక్కుంది. అసలు బంగారు సెల్‌ను ఏప్రన్ జేబులో వేసుకుంది.

పోటీ మొదలైంది. ఒక్కొక్కడూ వెనక్కి వంగి పీల్చి ఊదుతుంటే అంతస్తు అంతా పాలు పొంగినట్టు తెల్లబడింది. చివరికి మళ్లీ ఆ ఇద్దరే. కైరుయ్ ఊదాడు, మబ్బు కొలబద్ద మీద కట్టిన ఎర్ర రిబ్బన్ దాకా వెళ్లి ఆగింది. ఈలలే ఈలలు! తర్వాత మావాడు. బటన్ నొక్కాడు. పీల్చాడు, పీల్చాడు, కళ్లు బయటికొచ్చేదాకా పీల్చి వదిలాడు. మబ్బు రిబ్బన్‌ను తాకింది, దాటింది, ఇంకా పోతూనే ఉంది! నేను స్టూలెక్కి అరిచాను. మావాడు గెలిచాడు!

ఫాన్ మైకు లాక్కున్నాడు. "చూశారా బంగారు పులి దెబ్బ! నలభై అంటే నలభై! రండి, రండి, ఇవాళ ఎంతమందికైనా ఉన్నాయి!"

జనం ఫాన్ డబ్బాల మీద పడ్డారు. ఒకడి భుజం మీంచి ఒకడు చేతులు చాపుతున్నారు. షుపింగ్ అది చూసింది. తన మొగుడి మూతి కాపాడుకుంటే, ఇప్పుడు ఇంతమంది మూతులకు అదే బంగారు సెల్ వెళ్తోంది. మనిషి పాలిపోయింది.

తిన్నగా వేదిక ఎక్కింది. మొగుడి చేతిలోని గొట్టం లాక్కుని, మూత తిప్పి, సెల్ అరచేతిలో పడేసుకుంది. బొటనవేలి గోరుతో బంగారు తొడుగు చీల్చింది. లోపల ఆకుపచ్చగా మెరిసింది.

"మా ఆయన్ని గెలిపించింది ఇది. బంగారు పులి కాదు. తొడుగు నేనే మార్చాను."

డప్పులు ఆగిపోయాయి. హాన్‌షెంగ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నలుగురిలో నా పరువు తీశావు కదే," అన్నాడు చిన్నగా.

"తీశాను. మూతి మిగిలింది కదా."

ఫాన్ తేరుకుని అరిచాడు. "ఇదంతా ఆవిడ సరుకు అమ్ముకోవడానికి నాటకం! నియమం తప్పారు. కప్పు తాన్ కైరుయ్‌ది!"

హాన్‌షెంగ్ ఆమెను తిడతాడనుకున్నాను. వాడు చెయ్యి చాపాడు. "నాదేది? నాకిచ్చిందేది?"

ఏప్రన్ జేబులోంచి అసలు బంగారు సెల్ తీసి ఇచ్చింది. వాడు దాన్ని పట్టుకుని వేదిక దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, పరీక్ష యంత్రంలో తనే బిగించాడు. తీగ తనే అతికించాడు. ఇరవై ఎనిమిదికి తిప్పాడు.

అంతా చుట్టూ మూగారు. వేడి అంకె పెరుగుతుంటే డిగ్రీలు పైకి చదవడం మొదలుపెట్టారు. యాభై! అరవై! కాసేపట్లో డెబ్బై దాటింది, ఎనభై దాటింది. ధగధగలాడే తొడుగు కమిలి ముడతలు పడింది, పులి మొహం వంకరపోయింది. చదివేవాళ్ల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తొంభై దగ్గర షుపింగ్ స్విచ్ కట్టేసి, అందర్నీ వెనక్కి నెట్టి, సెల్‌ను ఇసుక బకెట్లోకి దొర్లించింది.

కైరుయ్ అప్పటిదాకా తన గొట్టం చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. మూత తిప్పి, బంగారు సెల్ తీసి, చప్పుడు చేయకుండా ఆమె బల్ల మీద పెట్టాడు. వాడి వెనక మిగతావాళ్లు. ఫాన్ కప్పు పట్టుకుని వేదిక మీద నిలబడే ఉన్నాడు. తీసుకోవడానికి ఎవరూ పోలేదు.

జనం పలచబడ్డాక ఆమె తనకూ, మొగుడికీ, నాకూ టీ పోసింది. హాన్‌షెంగ్ కప్పు ముట్టుకోలేదు. వేలితో పై పెదవి తడుముకుంటున్నాడు.

"ఈ పది రోజులూ ఆ సెల్‌తోనే సాధన చేశానే," అన్నాడు. "పొద్దున్నా, సాయంత్రమూ."

"తెలుసు," అంది షుపింగ్. "నువ్వు బటన్ నొక్కినప్పుడల్లా గోడ ఇవతల నిలబడి సెకన్లు లెక్కపెట్టుకున్నాను."