ఈడికెళ్లే అయితది

మా అన్న నాచారంలో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. ఒక్క లెన్స్ కొనే స్తోమత మాత్రమే ఉన్న రోజుల్లో, జూమ్ వద్దు, ప్రైమ్ కొను అని వాదించాను. ప్రైమ్‌తో ముఖం తీయాలంటే మనిషి దగ్గరికి వెళ్లాల్సిందే.

"ఈడికెళ్లే అయితుంటె నడుసుడెందుకే?" అని, ఉన్నచోటి నుంచే ముఖాన్ని దగ్గరికి లాగే జూమే కొన్నాడు.

టీబీ ముదిరాక అమ్మ ఉప్పల్‌లో నా దగ్గరే ఉంది. చూడటానికి వచ్చినా అన్న ఆమె గది గడప దాటేవాడు కాదు. రేపు దినాలకు పెట్టడానికి ఫోటో కావాలని అందరూ పోరితే, ఆ గడపలోంచే కెమెరా ఎత్తాడు.

"జర దగ్గరికి రా కొడుకా," అంది అమ్మ.

"ఈడికెళ్లే మంచిగ వస్తున్నవమ్మా."

దశదినకర్మనాడు ఆ ఫోటో చూసి మేనత్త కళ్లొత్తుకుంది. "తల్లి పక్కకే కూసొని తీసినవ్‌గద బిడ్డా!"

అన్న ముందుకెళ్లి దండ సర్దాడు.