కత్తెర పిన్ని అనేసిన మాట

ఆ కుట్టుపని షెడ్డులో అందరూ ఆమెను కత్తెర పిన్ని అనేవారు. బట్ట కోయడంలో చెయ్యి ఎంత నిదానమో, నోరు అంత దురుసు. "కళ్ళు నెత్తిమీద పెట్టుకున్నావా?" అని ఎవరినో ఒకరిని అనకపోతే ఆమెకు పూట గడవదు.

ఆ రోజు పూల చొక్కాల చేతులన్నీ ఎడమవే వచ్చాయి. కుడిది ఒక్కటంటే ఒక్కటి లేదు! ఒక పొర పూలు పైకి, తర్వాతి పొర పూలు కిందికి పరిస్తేనే ఒక్క కోతకు రెండూ జతగా వస్తాయి. కొత్తగా చేరినామె అన్ని పొరలూ పైకే పరిచింది.

యజమాని వచ్చి ఏం జరిగిందని అడిగాడు. పిన్నికి ఒళ్ళు మండిపోతోంది. "నిన్న నలుగురిలో చీవాట్లు పెట్టానని కక్షగట్టి చేసిందండీ" అనేసింది. నోటికెంత మాటొస్తే అంత అనెయ్యడమే!

యజమాని ముఖం మారిపోయింది. "పొరపాటైతే నేర్చుకుంటుంది. కావాలని చెడగొట్టే మనిషిని మాత్రం పనిలో ఉంచుకోలేను. భోజనాలయ్యాక వస్తా. ఆలోచించి చెప్పు పిన్నీ, కక్షేనా?"

కక్ష అనే మాట పిన్ని రోజూ వాడేదే. సూది విరిగితే సూదికి కక్ష, వాన కురిస్తే వానకు కక్ష. ఇప్పుడదే మాట ఒక మనిషి పొట్ట కొట్టబోతోంది.

బల్ల దగ్గర కొత్తామె కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏడుపు ఆపమ్మా" అంది పిన్ని. "అన్నీ పైకే ఎందుకు పరిచావ్?"

"మీరేగా పిన్నీ తిట్టారు! పూలు కిందికి పెడితే బల్ల మీది మురికంతా అంటుకుంటోందని. అందుకే భయపడి ప్రతి పొరా పైకి తిప్పుకుంటూ వచ్చాను."

నిజమే. బల్ల తుడిచి పరవమని చెప్పడం పిన్ని మరిచిపోయింది, తిట్టడం మాత్రం మరవలేదు. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది. పక్కనున్న బట్టచుట్టను విప్పి చూసింది. సరిపడా మిగిలే ఉంది.

యజమాని రాగానే ఎదురెళ్ళింది. "కక్ష కాదండీ, భయం. కక్షంటే ఎదుటివాళ్ళ చెడు కోరడం. పొద్దున ఆ పని చేసింది నేను, ఆమె కాదు. మిగిలిన బట్టంతా బోర్లా పరిచి కోస్తే కుడిచేతులు వచ్చేస్తాయి. ఆమెను ఉండనివ్వండి."

"ఉండమనే చెప్పు" అన్నాడాయన.

పిన్ని తడిగుడ్డ తెచ్చి బల్లను తానే తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తింది. "రా, పరిచెయ్. మళ్ళీ తప్పు చేస్తే మళ్ళీ తిడతా, ముందే చెబుతున్నా."

కొత్తామె బట్టచుట్ట అందుకుంటూ మొదటిసారి నవ్వింది. "తిట్టండి పిన్నీ. కాకపోతే పని కూడా చెప్పి తిట్టండి."